‘కాదు’ గోడ దగ్గర నిలబడ్డ పిల్ల

పలాస,
ఆదివారం.

అమ్మకు నీ నాగసుధ నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడు శశాంకూ, నీ మనవరాలు చంద్రికా ఒంట్లో బాగానే ఉన్నాం. భిలాయిలో నువ్వూ, అన్నయ్యా, వదినా, పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఆ ఎండల్లో ఉన్న మీకు ‘చల్లగా’ అని రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఈమధ్య నవ్వు రావడమే తక్కువైపోయింది కాబట్టి కొట్టెయ్యకుండా ఉంచేశాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ఫోన్లో రాసి పంపిస్తే అక్షరాలు పురుగుల్లా కదులుతున్నాయంటావు. మనకి కాగితమే గతి. కాగితం ముందు కూర్చోవడానికి నేనే వెనకాడుతూ వచ్చాను. తీరిక లేక కాదు. కారణం రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నువ్వు అడిగినవి. కొత్త చెవి మిషను గీపెడుతోందని రాశావు. అది నీ చెవికి సరిగ్గా అమరలేదేమో, అన్నయ్యని వెంటబెట్టుకుని అమ్మినవాడి దగ్గరికే మళ్లీ వెళ్లు. గీపెడుతోందని డబ్బాలో పెట్టేసి కూర్చోకు. చంద్రిక పరీక్షలు బాగా రాసింది, లెక్కలు మాత్రం మామూలే. నీ అల్లుడు రోజూ టెక్కలి ఆఫీసుకి వెళ్లి వస్తున్నాడు, రైలు దొరికితే రైలు, లేకపోతే బస్సు. ఈసారి జీడిపప్పు పంపలేదేమని అడిగావు. ఈ ఏడు ఉద్దానంలో జనం తోటల్లోకి సరిగా దిగడంలేదమ్మా. ఎందుకో నీకు తెలుసు. అన్నయ్య పేపర్లో ఎలుగుబంటి వార్త చూపించాడనీ, అది మా బడి దగ్గరేనా అనీ నువ్వే రాశావు కదా.

దాంతోపాటు ఇంకోటి అడిగావు. పాఠ్యపుస్తకం పక్కనపెట్టి పిల్లల నవల చదివించడం ఏమిటి, దాని మీద పిల్లలచేత ఎలా మాట్లాడిస్తున్నావు, నాకు అర్థమయ్యేలా రాయి అన్నావు. అంతకాలం పాఠాలు చెప్పినదానివి, ఇంకా క్లాసు గదే నీ మనసులో తిరుగుతోంది. ఈ రెండూ నువ్వు వేరువేరుగా అడిగావు. నాకు మాత్రం రెండూ కలిసిపోయాయి.

బడి సంగతి నీకు కొంత తెలుసు. పలాసలో ఆటో ఎక్కి, అక్కుపల్లి వైపు వెళ్లే రోడ్డు మీద దిగి, అక్కడినుంచి జీడితోటల మధ్య ఇసుక దారిలో నడవాలి. తోటలకి అవతల ఇంకో చిన్న ఊరుంది. అక్కడి పిల్లలు కూడా మా బడికే వస్తారు. ఒంటిపూట బడులు మొదలయ్యాక వాళ్లు మంచు విడవకముందే బయల్దేరాలి. జీడిపళ్లు పండే రోజులు కదా, ఆ వాసనకి ఎలుగులు కొండలు దిగి వస్తాయి. ప్రతి ఏడూ వచ్చేవే, మనుషుల అలికిడికి తప్పుకునేవి. ఈసారి వచ్చింది కూనలున్న తల్లి ఎలుగు. సన్యాసిరావు అనే రైతు తోటలో పళ్లు ఏరుతుంటే మీద పడింది. ప్రాణం దక్కిందిగానీ ఒక కన్ను పోయింది. ఆయన కొడుకు లోకనాథ్ నా ఎనిమిదో తరగతిలోనే ఉన్నాడు.

అప్పటినుంచి ఊళ్లో ఎవరి ముఖం చూసినా అదే. పిల్లలు గుంపుగా, పళ్లేలు గరిటెలతో వాయించుకుంటూ వచ్చేవాళ్లు. ఆటో దిగి ఆ ఇసుక దారిలో అడుగుపెట్టగానే నా గుండె చప్పుడు నాకే వినిపించేది. ఎక్కడో కొబ్బరిమట్ట రాలితే ఉలిక్కిపడి నిలబడిపోయేదాన్ని. బడి గేటు కనిపించాక చీర సర్దుకుని, ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లేదాన్ని. పిల్లల ముందు టీచరు భయపడకూడదు కదా అని.

నేను చదివించే నవల కూడా భయం గురించినదే. గంగ అనే పిల్ల కథ. వాళ్ల నాన్న రేవులో పడవ దాటిస్తాడు. ఆ పిల్లకేమో నీళ్లంటే భయం. పడవవాడి కూతురు నీళ్లకి భయపడుతుందంటే నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పదు. తెడ్డు పట్టడం నేర్పిస్తానని తండ్రి పిలిచినప్పుడల్లా కడుపునొప్పనో, జ్వరమనో అబద్ధం ఆడుతుంది. ఒకరోజు వరద వస్తుంది. తండ్రి అవతలి ఒడ్డున చిక్కుకుంటాడు, పడవ ఇవతల ఉంటుంది. మేము అంతవరకు చదివాం.

మాట్లాడించడం ఎలాగంటే, మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. అడిగితే ‘అదే టీచర్’ అని కూర్చునేవాళ్లు. ఒక పిల్ల సముద్రపొడ్డు నుంచి పెద్ద శంఖం తెచ్చింది. అది చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి అన్నాను. శంఖం చేతికొస్తే ఏదో ఒకటి అనాలి కదా, చిన్నచిన్న మాటలు మొదలయ్యాయి. ‘గంగ అబద్ధమాడింది గానీ దొంగతనం సెయ్యనేదు కదా టీచర్’ అని ఒకడు. ‘ఆల నాన్న ఒక్కసారి నీకేటైనాదే అని అడిగుంటే సెప్పేసును’ అని ఇంకో పిల్ల. నాకు భలే సంతోషం వేసింది. ప్రశ్నకి జవాబు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనే చదువు కాదు ఇది, వాళ్లంతట వాళ్లు తవ్వుకుంటున్నారు అనిపించింది.

తర్వాత గోడల ఆట పెట్టాను. బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను. ఒప్పుకునేవాళ్లు ‘ఔను’ గోడ దగ్గరికి, ఒప్పుకోనివాళ్లు ‘కాదు’ గోడ దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఎందుకు నిలబడ్డారో చెప్పాలి. అవతలివాళ్ల మాట నచ్చితే గోడ మారిపోవచ్చు. ఆ రోజు నేను రాసిన వాక్యం ఇది: ‘ధైర్యం ఉన్నవాళ్లకి భయం ఉండదు.’

ఎలుగు సన్యాసిరావు మీద పడినప్పుడు తోటలో ఇంకొకాయన కూడా ఉన్నాడనీ, ఆయన పారిపోయాడని ఊరంతా అంటోందనీ రోజూ వచ్చిపోయే నాకు తెలియదు. ఆయన పేరు గోవిందు. ఆయన కూతురు శ్రావణి నా క్లాసులోనే రెండో బెంచీలో కూర్చుంటుంది. తెలిసుంటే ఆ వాక్యం రాసేదాన్ని కాదు.

క్లాసంతా బిలబిలమంటూ ‘ఔను’ గోడ దగ్గరికి పోయింది. శ్రావణి ఒక్కతే ‘కాదు’ గోడకి వీపు ఆనించి నిలబడింది.

“ఏటే, నీకు మీ నాన్న పోలికొచ్చినాదేటి?” అన్నాడు లోకనాథ్.

పిల్లలు నవ్వారు. నేను చెయ్యెత్తి వారించి, శ్రావణి వైపు తిరిగి, “నువ్వు చెప్పమ్మా, ఎందుకు కాదు?” అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. నేను మళ్లీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. మాట్లాడించడమే నా గొప్ప అనుకున్నాను కదా. శ్రావణి పెదవి కొరుక్కుని నేల చూస్తూ నిలబడింది. గంట కొట్టారు.

మర్నాడు కుర్చీ ఆట. ఒకరు కుర్చీలో కూర్చుని తానే గంగ అనుకోవాలి. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తే గంగ ఏం చెబుతుందో అదే చెప్పాలి. ఎవరు కూర్చుంటారంటే శ్రావణి లేచి వచ్చింది. నిన్న నోరు విప్పని పిల్ల తనంతట తాను లేచిందని మురిసిపోయాను.

రెండు మూడు ప్రశ్నలు మామూలుగా సాగాయి. తర్వాత లోకనాథ్ లేచాడు.

“గంగా, మీ నాన్న ఒక మనిసిని నీళ్లలో ఒగ్గీసి ఒడ్డుకి పారొచ్చీసినాడనుకో. అప్పుడు నువ్వేటి సేత్తావు?”

“మా నాన్న ఒగ్గీసింది నానెల్లి తెచ్చీస్తాను” అంది శ్రావణి.

“సైకిలేటి?” అన్నాడు వెనక నుంచి ఎవడో. క్లాసు ఘొల్లుమంది.

కథలో సైకిలెక్కడిదని నాకు తట్టలేదు. శ్రావణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తలెత్తి చూస్తోంది. ఎంతగా లీనమైపోయారో అనుకున్నాను. ఈ క్లాసు గురించి నీకు పెద్ద ఉత్తరం రాయాలని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం పిల్లలు తిని వెళ్లిపోయారు. హెడ్మాస్టరు మండలం మీటింగుకి వెళ్లారు. మిగతా టీచర్లు ముందు ఆటో ఎక్కేశారు. నేను సంచీ సర్దుకుంటుంటే లోకనాథ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“టీచర్, శ్రావణి గుంపుతో ఎల్లనేదు. తోటలోకి ఎల్లిపోనాది.”

“ఎందుకు?”

“ఆల నాన్న సైకిలు ఆడే ఉండిపోనాది టీచర్. ఆ రోజు పారొచ్చీసినప్పుడు ఒగ్గీసినాడు. మీ నాన్న సైకిలు ఎలుగు తొక్కుతందే అని మేం రోజూ అంటాం. నానూరికే అన్నాను టీచర్.”

వాడు ఏడుస్తూ మిగతాదంతా చెప్పాడు. వాణ్ణి వంట చేసే బొడ్డమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఊళ్లో మగవాళ్లకి కబురు పెట్టమని ఆమెకి చెప్పి బయటికి పరుగెత్తాను. గోవిందు రోడ్డు పక్క కళ్లంలో కొబ్బరికాయలు వలుస్తున్నాడని బొడ్డమ్మే చెప్పింది. అక్కడికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన చేతిలో కాయ అలాగే జారిపోయింది. తోట వైపు నడిచాడు. వెనక నేను.

జీడితోట లోపల ఎలా ఉంటుందో నీకు గుర్తుందా అమ్మా? కొమ్మలు ఇసుకని తాకుతూ ఉంటాయి. వంగి వెళ్లాలి. నాలుగడుగుల అవతల ఏముందో కనపడదు. మిట్టమధ్యాహ్నం అయినా లోపల నీడ. రాలిన పళ్లు కుళ్లి పులిసిన వాసన, ఈగల రొద. పిట్ట కూడా అరవడంలేదు. గోవిందు ఆగి నా వైపు తిరిగాడు. ఆయన మోకాళ్లు వణకడం పంచె మీద నుంచే కనిపిస్తోంది.

“టీచరమ్మా, నాకు కాళ్లు ఆడతన్నేదు. ఏదొకటి మాట్టాడండి.”

“నేనున్నాను కదా, పదండి” అన్నాను. అమ్మా, ఆ మాట నేనే అన్నాను.

“ఆ రోజూ ఇలగే ఉండీది” అన్నాడాయన. మళ్లీ నడిచాడు.

శ్రావణి కనిపించింది. ఒక పెద్ద చెట్టు కింద, రెండు చేతులతో సైకిలు హ్యాండిలు పట్టుకుని, బొమ్మలా నిలబడి ఉంది. సైకిలు నిండా ఎండుటాకులు. టైర్లలో గాలి లేదు. ఎందుకు కదలడంలేదో మొదట అర్థం కాలేదు. తర్వాత చూశాను. ఆ పిల్లకి అవతల చెదపుట్ట పక్కన రెండు కూనలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. వాటి వెనక నల్లగా, బండరాయి అనుకున్నది కదిలింది. ఉఫ్, ఉఫ్ అని ఊపిరి వదులుతూ రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. రొమ్ము మీద తెల్లటి మచ్చ, చేతుల చివర వేళ్లంత పొడుగు గోళ్లు.

ఇంతవరకు రాసి లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. తర్వాత జరిగింది ముందు ఊళ్లో చెప్పుకునే పద్ధతిలోనే రాస్తాను.

ఊళ్లోవాళ్లు చెప్పేదేమిటంటే, ఎలుగుని చూడగానే టీచరమ్మ సమయానికి తెలివి తెచ్చుకుని జనం కోసం పరిగెత్తింది. బొడ్డమ్మ కబురుతో డబ్బాలు, కర్రలు పట్టుకుని వస్తున్న మగవాళ్లకి ఎదురెళ్లి దారి చూపించింది. వాళ్లు డబ్బాలు వాయిస్తూ వెళ్లేసరికి గోవిందు కూతురికి అడ్డంగా చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు. ముంజేతి మీద ఎలుగు గోళ్లు దిగి నెత్తురు కారుతోంది. చప్పుడుకి తల్లి కూనల్ని తోలుకుని సరుగుడు తోటల వైపు వెళ్లిపోయింది. పిల్ల దక్కింది. టీచరమ్మ లేకపోతే దక్కేది కాదు.

ఆ వారమే బడిలో మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు. హెడ్మాస్టరు నా గురించి చాలాసేపు మాట్లాడారు. గోవిందు చేతికి కట్టుతో వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. పైగా నా పక్కనే ఒక పెద్దమనిషి, “కన్నకూతురు కాబట్టి నిలబడినాడు గానీ, పరాయోళ్లయితే మళ్లీ పారిపోయుండీవోడు” అన్నాడు. శాలువా భుజం మీద వేసుకుని నేను ఆ మాట కూడా విన్నాను. చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాను.

ఇప్పుడు జరిగింది రాస్తాను. నేను పారిపోయానమ్మా.

జనం కోసం కాదు. ఆ క్షణంలో జనం ఎవరూ నాకు గుర్తు లేరు. అది లేచి నిలబడగానే నా కాళ్లు వెనక్కి తిరిగాయి. కొమ్మలు ముఖానికి కొట్టుకున్నాయి, ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది, రెండుసార్లు పడ్డాను. చంద్రిక, ఇల్లు, ఆయన, ఏవీ తలపులోకి రాలేదు. నేను బతకాలి అన్నదొక్కటే ఉంది. మగవాళ్లు ఎదురయ్యారు. “ఎటేపు టీచరమ్మా?” అన్నారు. మాట రాక చెయ్యి చూపించాను. నేను చేసిన సాయం అంతే.

అదయినా ఓర్చుకుందును. నేను వెనక్కి తిరిగినప్పుడు శ్రావణి “టీచర్!” అని పిలిచింది. గట్టిగా కూడా కాదు, క్లాసులో సందేహం అడగడానికి పిలిచినట్టు పిలిచింది. వినపడింది. విని కూడా ఆగలేదు.

నాకు ఉద్యోగం వచ్చినరోజు నువ్వు ఒక మాట చెప్పావు. గంట కొట్టాక ఆఖరి పిల్ల గుమ్మం దాటేవరకు నువ్వు గది దాటకూడదు అన్నావు. ఆ రోజు నేనే ముందు బయటికి వచ్చేశాను. అందుకే నీకు ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు. నీ అల్లుడికి కూడా చెప్పలేదు. కళ్లు మూస్తే ఆ పిలుపు. తెరిస్తే శాలువా. శ్రావణి బడికి తిరిగి వస్తుందంటే నాకు ఎలుగు ఎదురొస్తున్నంత భయం వేసింది. ఆ పిల్లకి తెలుసు. గోవిందుకి తెలుసు. ఇద్దరూ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అది ఇంకా భయంగా ఉండేది.

శ్రావణి వచ్చింది. మామూలుగానే రెండో బెంచీలో కూర్చుంది. నేను పాఠ్యపుస్తకం తీశాను. నవల బీరువాలో పెట్టి తాళం వేసేశాను. కొన్నాళ్లు అలా గడిచాయి. ఒకరోజు పిల్లలే అడిగారు, వరదలో గంగ ఏం చేసిందో చెప్పకుండా ఆపేశారేమని. తాళం తీశాను. ఆ అధ్యాయం చదివాను. గంగ ఏడుస్తూనే పడవలో కూర్చుంటుంది. పుస్తకం మూశాక, “టీచర్, ఇయ్యాల కుర్చీలో ఎవులు కూకుంటారు?” అన్నారు.

“నేను కూర్చుంటాను. గంగగా కాదు, నాగసుధ టీచరుగానే” అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదమ్మా. ముందుగా అనుకున్నది కాదు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లోకనాథ్ లేచాడు.

“టీచర్, ఎలుగుని సూసినప్పుడు మీకు బయమెయ్యనేదా?”

“వేసింది. పారిపోయాను. మీ వాళ్లని పిలవడానికి వెళ్లలేదు. భయపడి పారిపోయాను.”

అప్పుడు శ్రావణి లేచి నిలబడింది.

“నాను పిలిసింది మీకు ఇనపడినాదా టీచర్?”

వినపడలేదంటే అయిపోయేది. ఆ పిల్లకి కూడా తేలికయ్యేదేమో.

“వినపడింది” అన్నాను.

శ్రావణి తల దించుకుంది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే లంగాతో తుడుచుకుంది. “నాకు కాళ్లు రానేదు టీచర్. వొచ్చుంటే నానూ పరిగెత్తుదును. మా నాన్న మాత్రం వొణుకుతానే వొచ్చినాడు. ‘అమ్మా, బయమేత్తంది గానీ ఎల్లను’ అన్నాడు” అంది. అని కూర్చుంది. నన్ను క్షమించినట్టు ఏమీ అనలేదు. అనమని నేనూ అడగలేదు.

బోర్డు మీద పాత వాక్యమే మళ్లీ రాసి గోడల దగ్గరికి వెళ్లమన్నాను. చాలామంది ‘కాదు’ గోడ దగ్గరికి పోయారు. కొందరు ఇంకా ‘ఔను’ దగ్గరే ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లు చెప్పారు. లోకనాథ్ మాత్రం గది మధ్యలో నిలబడిపోయాడు. ఏ గోడ దగ్గరికీ వెళ్లలేదు. నేను ఎందుకని అడగలేదు. మాట్లాడించకుండా వదిలెయ్యడం కూడా టీచరు పనేనని ఈమధ్యే నేర్చుకుంటున్నాను.

సాయంత్రానికల్లా సంగతి ఊరంతా పాకింది. మర్నాడు హెడ్మాస్టరు, “ఎందుకమ్మా చెప్పారు, బడికి వచ్చిన పేరు పోయింది కదా” అని నొచ్చుకున్నారు. ఆటోలో ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేశారు. ఇంటికొచ్చి నీ అల్లుడికి చెప్పాను. ఆయన బదిలీకి పెట్టుకో అన్నాడు. పెట్టుకుందామనే అనుకున్నాను. నిజం.

రెండు రోజుల తర్వాత కూతుర్ని దిగబెట్టడానికి గోవిందు వచ్చిన వేళకి బడి గేటు దగ్గరికి సన్యాసిరావు వచ్చాడు. తలకి, సగం ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. లోకనాథ్ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. వాడు ఇంట్లో తండ్రిని ఏమడిగాడో తెలియదు.

“గోవిందు బావా” అన్నాడు సన్యాసిరావు. “ఆ రోజు నువ్వొక్కడివే పరిగెత్తినావేటి? నానూ పరిగెత్తినాను. నువ్వు అటేపు, నాను ఇటేపు. అది ఇటేపొచ్చినాది. అంతే.”

గేటు దగ్గర ఉన్నవాళ్లందరం వింటున్నాం.

“మంచం మీదున్నోడిని పట్టుకుని, ఎలుగుతో కలబడినాడు మగోడు అని అందరూ అంటంటే, కాదనడానికి నోరు రానేదు బావా. నీ మీద మాట పడతందని తెలిసీ ఊరుకున్నాను.”

గోవిందు ఏమంటాడా అని చూశాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడే హక్కు ఆయనకుంది. ఆయన దగ్గరికి వెళ్లి తువ్వాలు వైపు చూస్తూ, “కన్ను ఇంకా నొప్పెడతందేటి బావా?” అన్నాడు. సన్యాసిరావు గేటు పట్టుకుని ఏడ్చాడు.

ఇంతకంటే మంచి వార్త నా దగ్గర లేదమ్మా. ఎలుగు ఇంకా దొరకలేదు. ఫారెస్టువాళ్లు వచ్చి బోను పెట్టారు, ఊళ్లో తిరిగి జాగ్రత్తలు చెప్పారు. మొన్న నందిగాం వైపు కనిపించిందని ఒకరు, లేదు ఇక్కడే ఉందని ఒకరు. నిన్న ఇసుకలో కొత్త అడుగులు చూశాం. అందుకని ‘భయం లేదు, నిశ్చింతగా ఉండు’ అని నీకు రాయలేను. నాకు భయంగానే ఉంది. నువ్వూ భయపడతావని తెలిసే ఇదంతా రాశాను. బదిలీ కాగితం మాత్రం పెట్టలేదు. నవల ఇంకా కొంచెం మిగిలి ఉంది.

ఇప్పుడు పొద్దున్నే అవతలి ఊరి పిల్లల్ని గోవిందే తోట దాటిస్తున్నాడు. నేను తోట మొదట్లో ఎదురుచూసి ఆ గుంపులో కలుస్తాను. బయల్దేరేముందు ఆయన రోజూ పైకే చెబుతాడు, “నాకు బయమేత్తంది. ఎవులికి బయమేత్తే ఆళ్లు పక్కోళ్ల సెయ్యట్టుకోండి” అని. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వకుండా పట్టుకుంటున్నారు. నేను అందరికన్నా వెనక నడుస్తాను.

నిన్న కొమ్మలు వంగిన చోట ముందు నడిచే శ్రావణి ఆగింది. వెనక్కి చూడకుండానే చెయ్యి నా వైపు చాపింది. పట్టుకున్నాను. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. నాదీ అంతే. బడి గేటు వచ్చేవరకు ఇద్దరం వదల్లేదు.

ఇట్లు,
భయంతోనే బడికి వెళ్తున్న నీ కూతురు,
నాగసుధ